వంటింటి గుమ్మం మీద అమ్మ

మా ఆయన పాత తైలవర్ణ చిత్రాలకు ఇంజనీరు. ఇళ్ళు కట్టే ఇంజనీరైతే కనీసం మా మెట్లకు పిట్టగోడైనా కట్టించేవారు. బొమ్మ వెనకున్న గుడ్డ, దాని మీది జిగురు, ఆపైన రంగు, ఇవన్నీ గాలిలో తేమను బట్టి ఎంత సాగుతాయో, ఎంత ముడుచుకుంటాయో మ్యూజియంలో కూర్చుని కంప్యూటర్లో లెక్క కడతారు. ఏ మూల బీట పడబోతుందో తెర మీద ఎర్రగా కనిపిస్తుందట. ఇంట్లో పాలు మాత్రం పొంగిపోయాక చెబుతారు.

మా వంటింటి గుమ్మం మీద అమ్మ బొమ్మ ఉంది. నాన్న వేసింది. పుట్టింట్లోనూ దాని చోటు వంటింటి గుమ్మమే. నాకు ఊహ తెలిసేలోపే అమ్మ పోయింది, ఒక్క ఫొటో కూడా లేదు. ఆ బొమ్మ పాడైతే నాకిక అమ్మ మొహం లేనట్టే.

ఒకరోజు మా ఆయన స్టూలెక్కి చూసి, "అత్తయ్యగారి చెంపంతా బీటలే. నీ కుక్కర్ ఆవిరి ఆవిణ్ణి తినేస్తోంది," అన్నారు.

ఇన్నేళ్ళూ అమ్మను నేనే ఉడకబెట్టానన్నమాట.

"మ్యూజియం గదిలో పెడతాను. అక్కడ తేమ ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది. నా కంప్యూటర్ మోడల్ ప్రకారం వందేళ్ళు కొత్త బీట పడదు."

మొగుడి మాట మీద అనుమానం ఉన్నా మోడల్ మాట నమ్మి పంపించాను.

నెల తిరక్కుండానే, ఆయన అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నారు.

"ఏమైంది?"

"అత్తయ్యగారి పెదవి పక్కన పెచ్చు లేచింది."

ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. "వందేళ్ళన్నారు కదండీ!"

"తప్పు నాదే. బొమ్మ ఆ గదిలోనే పుట్టి పెరిగినట్టు లెక్క మొదలుపెట్టాను. అది మన ఆవిరికి సాగి కుదురుకుంది. పొడిగాలిలోకి తెచ్చేసరికి జిగురంతా ముడుచుకుని రంగును లాగేసింది. ఆ పాత బీటలు జబ్బు కాదు, సర్దుబాటు."

వంటింట్లో ఉన్నవాళ్ళ సర్దుబాటు ఆయన కంటపడటానికి కంప్యూటర్ కావలసి వచ్చింది.

మ్యూజియంలో పెచ్చు అతికించి అమ్మను ఇంటికి తెచ్చారు. గుమ్మానికి తేమ కొలిచే డబ్బా బిగించి, మా వంటను కంప్యూటర్లోకి ఎక్కించారు. కొత్త లెక్క తేల్చిందేమిటంటే, తేమను ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా తగ్గించాలి, అది ఒక్కసారిగా పడిపోకుండా అందాకా పొయ్యి ఒక్క పూట కూడా ఆగకూడదు.

ఇంతలో, అమ్మ పోయేనాటికి పొత్తిళ్ళలో ఉన్న మా చెల్లెలికి పురుడొచ్చింది.

"నువ్వు వెళ్తే తేమ పడిపోతుందే!" అన్నారు ఆయన కంగారుగా.

"ఆవిరి వదిలే మిషనేదో పెట్టండి."

"లెక్కంతా నీ వంట మీద కట్టింది."

"అయితే మీరే వండండి," అని బియ్యం డబ్బా చూపించి బస్సెక్కాను.

వారం తర్వాత ఫోన్ చేశారు. గొంతు నీరసంగా ఉంది. "చెయ్యి కాలింది. పప్పు మాడింది. పొద్దున్నా సాయంత్రమూ ఇదే పనేమిటే! ఎప్పుడొస్తావు?"

పెళ్ళయి ఇన్నేళ్ళకు ఆ ప్రశ్న ఆయన నోట విన్నాను. నిజం చెప్పొద్దూ, కడుపు నిండింది.

"అమ్మ ఎలా ఉంది?"

"చెక్కు చెదరలేదు."

"అలాగైతే ఇంకో నెల ఉండి వస్తాను," అన్నాను.