మొద్దు గడియారం

...బద్ధకం కాదమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా మా అమ్మ బుర్రకెక్కలేదు. బద్ధకమైతే రోజంతా ఉండాలి కదా. పొద్దెక్కి ఒళ్లు కుదురుకున్నాక నన్ను ఆపగలిగినవాళ్లెవరు? అయినా దుప్పటి లాగేసేది, మొహాన నీళ్లు చల్లేది. "లేవవే మొద్దూ!" పొద్దున్నే లేచేవాళ్లే మంచివాళ్లని తేల్చింది పొద్దున్నే లేచేవాళ్లే అయుంటారు.

ఆ పేరే ఈ ఎలుకకీ పెట్టాను.

బయట మిట్టమధ్యాహ్నం. మా ప్రయోగాల గదిలో చీకటి, మసక ఎర్రబల్బు ఒక్కటే. వెలుతురు లేకపోయినా ఎలుక మెదడులోని గడియారం ఆగదు. వేల కణాలు, దేని లెక్క దానిది. వాటి మధ్య ఒక రసాయనం కబుర్లు మోస్తూ అన్నిటినీ ఒక్క తాళంలో నడిపిస్తుంది. ఆ రసాయనాన్నే మేం సూదితో మెదడులోకి ఎక్కించి, ఎలుకలు లేచే వేళను జరుపుతున్నాం. మిగతా ఎలుకలన్నీ బుద్ధిగా జరిగాయి. మొద్దు జరగలేదు. తన వేళకే లేచి బోనులోని చక్రమెక్కి పరుగు.

నల్ల తెర తప్పించుకుని మా గైడు వచ్చారు.

"దాన్ని తీసేయమన్నాను కదా?"

"లెక్కలోంచా సార్, ప్రాణాలా?"

మా గదిలో రెండింటికీ ఒకటే మాట.

"రెండూనూ. చెడిపోయిన గడియారం అది."

"చెడలేదు సార్. రోజూ తన వేళ తప్పకుండా లేస్తోంది. సూదీ సరిగ్గానే పడింది, వేసింది నేనే. మన మాట వినలేదు, అంతే."

"అబ్బో! ఇంటికి తీసుకెళ్లి ఉయ్యాల కట్టు." నవ్వారు. నవ్వు అయిపోయాక మెల్లగా అన్నారు, "నీకు థీసిస్ వద్దనుకుంటే చెప్పమ్మా. ఈ పని వేరేవాళ్లకిస్తాను. తీస్తావా, తీయవా?"

ఆయన అన్నంత పనీ చేస్తారు. దీన్ని తీసేస్తే ఎలుకలన్నీ మాట విన్నాయని రాసుకోవచ్చు, గ్రాఫులో చక్కటి గీత వస్తుంది, నా పేరు ముందు డాక్టర్ వస్తుంది. వినని ఎలుక ఒకటుందని మాత్రం ఎవరికీ తెలియదు.

బోను తలుపు తీసి చెయ్యి లోపల పెట్టాను. తొడుగులోంచి కూడా వెచ్చగా తగిలింది. ముడుచుకుని పడుకుంది. పొట్ట లేస్తోంది, దిగుతోంది.

"ఊఁ, కానీ," అన్నారాయన.

"నిద్రపోతోంది సార్. కాస్త మెల్లగా మాట్లాడండి."

చెయ్యి బయటికి తీసుకుని, బోనుకు గడియ పెట్టాను.