ఎవరూ తిప్పి వెయ్యని పాట

నేను ఒక చిన్న గ్రామఫోను రికార్డుని. నల్లగా, అన్నం పళ్లెం కంటే చిన్నగా ఉంటాను, నిమిషానికి నలభై అయిదు చుట్లు తిరుగుతాను. నాలో ఉన్నది సినిమా పాట కాదు. అందుకే నాకీ గతి పట్టింది.

విశాఖపట్నం రేవు దగ్గర 'ఏడో కెరటం' అని నలుగురి బ్యాండు ఒకటి ఉండేది. గిటారు పట్టుకుని పాడేవాడు దానియేలు, డ్రమ్స్ వాయించేవాడు అప్పలకొండ. రాక్ సంగీతమే ఊరికి కొత్త. వీళ్లది అందులోనూ పెడసరం రకం. పాట మూడు నిమిషాల్లో అయిపోతే వాళ్లకి నామోషీ, తాళం నాలుగు దెబ్బల్లో నడిస్తే మరీ నామోషీ. ఏడేసి దెబ్బల లెక్క పెట్టుకున్నారు. లెక్క తప్పితే దానియేలు చేతికందింది విసిరేవాడు.

దానియేలు అన్న యోహానుని, సరుకు దింపే ముఠాల తగాదాలో గురుమూర్తి అనేవాడు పొడిచి చంపాడు. సాక్షులు నోరు మెదపకపోవడంతో వాడు దర్జాగా బయటికొచ్చాడు. యోహాను అంటే అప్పలకొండకి ప్రాణం. అతను పళ్లు నూరుతూ తిరిగాడు. దానియేలు మాత్రం తన ఏడుపంతా తొమ్మిది నిమిషాల పాట చేశాడు.

ఒక వైపు నాలుగున్నర నిమిషాలకు మించి పట్టదు, సగం కోసెయ్యమని మద్రాసు స్టూడియో ఆయన చెప్పాడు. దానియేలు కొయ్యనివ్వలేదు, పాటని నడుమకి విరిచి నాకు రెండు వైపులా ఎక్కించాడు. మొదటి వైపంతా కేకలు, 'లేవండిరా, చేతికందింది పట్టండిరా' అని. రెండో వైపు అతని గొంతు దిగుతుంది. 'అన్నని పొడిచినోడికీ ఒక తమ్ముడున్నాడు, కత్తి కిందికి దించరా' అంటాడు. ఆ ఒక్క మాట చెప్పడానికే అంత పాట కట్టాడు.

రేడియోవాళ్లు నన్ను తిప్పి పంపేశారు. ఇనప సామాన్ల కొట్టు మెట్ల మీంచి దొర్లినట్టుందని ఒక వారపత్రిక రాసింది. చివరికి నన్ను ఆదరించింది మైకుసెట్టు అద్దెకిచ్చే సత్యం. అతని లెక్కలో రికార్డుకి ఒక వైపు ఒక పాట, రెండో వైపు వేరే పాట, అదీ నాసిరకంది. నా మొదటి వైపున తెల్లరంగు చుక్క పెట్టి, అదే వేసేవాడు.

జనం ఊగిపోయారు. మొదటిసారి వేసినప్పుడు సోడా బుడ్లు పగిలాయి. రెండోసారి ఒకడి చెవి తెగింది. మూడోసారికి నాకు 'కొట్లాట పాట' అని పేరొచ్చింది, అడిగి మరీ వేయించుకున్నారు. దానియేలుకి నిద్ర కరువైంది. తన పాట వల్ల ఇంకో ప్రాణం పోతుందేమోనని సత్యం కొట్టుకి వెళ్లి అతన్ని బతిమాలాడు.

"తిప్పి కూడా ఎయ్యి మావా. పాట అక్కడే ఉంది."

"జనం లేచిపోయేక తిప్పితే ఇనడానికెవుడుంటాడు బాబూ?" అన్నాడు సత్యం.

పడవ పందేల రోజు మిట్టమధ్యాహ్నం నన్ను వేశారు. అసలే కోతి, ఆపైన కల్లు తాగింది అన్నట్టు, గుంపులో అప్పలకొండ పూటుగా తాగి ఉన్నాడు. అతని డ్రమ్ములే మైకు బాకాలోంచి మోగుతుంటే, ఎదురుగా గురుమూర్తి కనిపించాడు. అప్పలకొండ చేపలు కోసే కత్తి ఒకటి అందుకుని వాడి కడుపులో మూడుసార్లు దించాడు. గురుమూర్తి పేగులు పట్టుకుని ఇసకలో కూలబడ్డాడు, మళ్లీ లేవలేదు.

దానియేలు జనాన్ని తోసుకుంటూ మైకు బల్ల మీదికి దూకాడు. నన్ను తిప్పాలని ఎడమచెయ్యి నామీద వేశాడు. సరిగ్గా అప్పుడే గురుమూర్తి తమ్ముడు, ఈ పాటే అన్నని చంపిందని అరుస్తూ వచ్చి వేటు వేశాడు. గిటారు తీగలు నొక్కే వేళ్లు రెండు తెగి బల్ల మీద పడ్డాయి. కత్తి మొన నా మొదటి వైపు అంచు నుంచి లేబులు దాకా చీరేసింది. నా రెండో వైపున ఉన్న మాట నిజమైంది, వాడికీ ఒక తమ్ముడున్నాడు. నాకు నోరుండీ ఆ వేళ చెప్పలేకపోయాను.

దానియేలు మళ్లీ గిటారు ముట్టలేదు. పదకొండేళ్లకి అప్పలకొండ జైలు నుంచి వచ్చి, సత్యం కొట్లో కూర్చుని ఆ పాట వెయ్యమన్నాడు. కత్తి గీత పడ్డ మొదటి వైపు ముల్లు నిలవలేదు. సత్యం విసుక్కుని, పుట్టి బుద్ధెరిగి మొదటిసారి నన్ను తిప్పాడు.

అప్పలకొండ 'కత్తి కిందికి దించరా' దాకా విన్నాడు. తర్వాత, "ఈ మాట ఎప్పుడన్నాడు మావా?" అని అడిగాడు.

"అదేటిరా? వాయించింది నువ్వే కదా."

"ఏడేసి లెక్కెట్టుకుంటా వాయించేను. లెక్క తప్పితే తిడతాడని బయం. మాటలు నానెప్పుడిన్నాను?"

అతను తల రెండు చేతుల్తో పట్టుకుని ఏడ్చాడు. మనుషులు నన్ను మూడు వందల ప్రతులు అచ్చు వేశారు. నన్ను మొదటి నుంచి చివరిదాకా విన్నవాడు నాకు ఒక్కడూ దొరకలేదు. ఇకమీదట వినాలన్నా నాలో సగమే ఉంది.