ఆరు గునుగు కాడలు

గునుగు పువ్వు గీయడం ఏమంత పని అనుకున్నాను. సూరత్ ఉధ్నాలో చీరల మీద డిజిటల్ ప్రింటు వేసే మిల్లులో ఆరేళ్లుగా పూలూ ఆకులూ గీస్తున్నదాన్ని, ఆ మాత్రం పొగరు నాకుంది. దీపావళి సరుకులోకి గునుగు చీర కావాలన్నారు. ట్యాబ్లెట్ మీద ఆకారం ఒక్క పూటలో వచ్చేసింది. కొసన గులాబి, కింద వెండి తెలుపు వేశాను. నా కంటికి బాగానే ఉంది.

మా డిజైన్ మాస్టర్ అంబదాస్ గారు బొమ్మలోంచి రంగంతా తీసేసి చూపించారు. తెర మీద బూడిదరంగు ముద్ద మిగిలింది.

"వెలుగేది, నీడేది భాగ్యలక్ష్మీ? రంగు మోసం చేస్తది. అసలు పువ్వు ముందర పెట్టుకొని గియ్యి."

మా ఊళ్లో చేలగట్ల మీద కలుపులా మొలిచే గునుగు సూరత్‌లో ఎక్కడ దొరుకుతుంది? మా పక్కగది పోశమ్మ దగ్గర ఉంది. నేను అవ్వా అని పిలుస్తాను. సిరిసిల్ల నుంచి విత్తనాలు కొంగున కట్టుకొచ్చి వరండాలో రంగు డబ్బాలో పెంచింది. మొత్తం ఆరు కాడలు. ఎల్లుండి సద్దుల బతుకమ్మ. ఆ ఆరూ బతుకమ్మకేనని అందరికీ ముందే చెప్పిపెట్టింది.

అడిగితే ఇవ్వదని తెలుసు కాబట్టి అడగలేదు. తెల్లవారుజామున ఒక్క కాడ కోశాను. టేబుల్ లైటు పక్కనుంచి వేస్తే అంతవరకూ కనపడని లోతు కనపడింది. వెలుగు పడే వైపు దాదాపు తెలుపు, అవతల ఊదా కలిసిన నీడ. ఇక మొగ్గ కావాలనిపించింది, సగం విచ్చినదీ కావాలనిపించింది. ఆశకు అంతుండదంటారు. నా ఆశకు ఆరో కాడ దగ్గర అంతు దొరికింది.

ఎనిమిదింటికి గోడ అవతల గొడవ మొదలైంది. పోశమ్మకు కోడలు వినోదతో ముందు రోజే ఏదో మాటకు చెడింది.

"నా మీది కోపం పువ్వుల మీద తీస్తివా? చెయ్యి ఎట్లాడిందే నీకు!"

"నేను కొయ్యలే అత్తా. నన్ను కన్న అవ్వ మీద ఒట్టు."

ఇవతల నేను నీడలు దిద్దుతున్నాను. ఈ పువ్వు అయ్యాక వెళ్లి చెబుదాం అనుకున్నాను. అయ్యాక ఇంకో పువ్వు మిగిలింది.

పండుగనాడు బంతిపూలతోనే బతుకమ్మను పేర్చారు. వినోదను తాంబాలం ముట్టనివ్వలేదు. ఆమె గోడవారన నిలబడి చూసింది. పోశమ్మ నా చెయ్యి పట్టుకుని "నువ్వు నా బిడ్డసొంటిదానివి" అంది. నేను చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగాను. సిగ్గులేని చేతులు.

అంబదాస్ గారు మళ్లీ రంగు తీసి చూశారు. ఈసారి బూడిదలోనూ పువ్వు పువ్వులాగే నిలబడింది. "ఇగో, గిది గునుగంటే" అన్నారు.

మొదటి చీర ప్రింటై రాగానే పోశమ్మ గదికి తీసుకెళ్లాను. ఆమె పువ్వులు తడిమి మురిసిపోతుంటే ఇక ఆగలేకపోయాను.

"అవ్వా, నీ పూలు కోసింది నేనే. ఈ బొమ్మ కోసమే కోసిన. వినోద కొయ్యలే."

ఆమె చీరను ఒళ్లోంచి తీసి కింద పెట్టింది. పొయ్యి దగ్గరున్న కోడలి వైపు చూడలేక తల పక్కకు తిప్పుకుంది.

"పన్నెండు దినాలాయె, దాంతోని మాట్లాడక" అంది.

వినోద చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె ముఖంలో ఆశ్చర్యమేమీ లేదు.

"నువ్వు కోస్తుంటే కిటికీల కెల్లి చూసిన అక్కా."

"మరి చెప్పకపోతివి?" అన్నాను.

"చెప్తే అత్త నమ్ముతదా? నింద ఏస్తున్ననంటది. నువ్వే చెప్తవని చూసిన." తర్వాత నెమ్మదిగా అడిగింది. "పూలదేముంది, పోనీ. బతుకమ్మ ఆడుకుంట నా దిక్కు చూసి నవ్వినవు. ఎట్ల నవ్వినవక్కా?"

నవ్విన సంగతే నాకు గుర్తులేదు.