అభ్యంతరం ఉన్నవాళ్ళు కూర్చోండి

మా సందులో వీధి దీపాలు నిరుడు ఎండాకాలంలోనే వెలిగాయట. సందులో కాపురముంటున్న మాకు మాత్రం ఆ సంగతి మునిసిపాలిటీ వాళ్ళు చెబితేనే తెలిసింది.

ఆ తర్వాతి వానాకాలంలో, బస్సు కండక్టరైన మా ఆయన డ్యూటీ దిగి ఇంటికి వస్తూ మూతలేని కాలవలో పడ్డాడు. తలకు దెబ్బ తగిలి పోయాడు. "అంత వెలుగులో పడ్డాడంటే పుచ్చుకునే ఉంటాడు" అని వార్డు సభ్యుడు ఊరంతా చాటాడు. జన్మలో చుక్క ముట్టని మనిషి మా ఆయన. నలుగురిలో సోడా తాగి తేన్పు వస్తేనే సిగ్గుపడిపోయేవాడు.

మునిసిపాలిటీ చేసిన పనులు వార్డు సభలో జనం ముందు చదివి, ఒక్కరు కాదన్నా ఆ పని బిల్లు ఆపి విచారణ చెయ్యాలని రూలు. నాకు బిల్లు గొడవ కాదు, ఆ రోజు సందు చీకటిగా ఉందని నలుగురి ముందు తేలాలి. ఆ రోజు ఫోను లైటు వేసుకుని పరుగెత్తుకొచ్చి ఆయన్ను లేపింది పక్కింటి వదిన. "నేనొచ్చి చెప్తాగా వదినా" అని మాటిచ్చింది. సభకు ముందురోజు సందులో అందరికీ కొత్త కొళాయిలు వేశారు. నాకూ వేశారు. నీళ్ళు బాగానే వస్తున్నాయి, అబద్ధమెందుకు.

సభలో కుర్చీలు లేవు, వేరే మీటింగుకి పట్టుకుపోయారు. అందరం నిలబడే ఉన్నాం. ఇంజనీరు తలెత్తకుండా పనులన్నీ చదివి, "అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి నిలబడండి" అన్నాడు. తలెత్తి చూస్తే హాలంతా నిలబడి ఉంది. జనం ఘొల్లున నవ్వారు.

"సరే, అభ్యంతరం ఉన్నవాళ్ళు కూర్చోండి" అన్నాడు చిరాగ్గా.

నేను కూర్చున్నాను. కింద నుంచి చూస్తే అన్నీ కాళ్ళే. వదిన చెప్పులు గుర్తుపట్టాను. అవి మెల్లగా వెనక్కి జరిగాయి.

"ఏంటమ్మా?" అన్నాడు ఇంజనీరు.

"దీపాలు ఇవాళ్టికీ లేవు బాబూ. ఆ చీకట్లోనే మా ఆయన పడ్డాడు. తాగలేదు."

"తాగడం సంగతి ఇందులో రాయరమ్మా. దీపాల మాట రాసుకుంటా. ఇంకెవరైనా ఉన్నారా?"

ఇంకెవరూ కూర్చోలేదు. వార్డు సభ్యుడు నావైపు గుడ్లురిమి చూశాడు. ఇంజనీరు దీపాల బిల్లు ఆపేశాడు.

పొద్దుగూకాక ఇంటికి వస్తుంటే మా సందు మొదట్లో వదిన నన్ను కలుసుకుంది.

"ఏమనుకోకు వదినా. కొళాయి పీకేస్తారేమోనని భయమేసింది. ఆ రోజు చీకటే. నాకు తెలీదూ?"

"ఆ మాట అక్కడ అనాల్సింది వదినా."

వదిన గబగబా వాళ్ళింట్లోకి వెళ్ళిపోయింది.

నేను గోడ తడుముకుంటూ వెళ్ళి తాళం తీశాను. బిల్లయితే ఆగింది. అది వింటే మా ఆయన, "అంతమందిలో నేల మీద చతికిలబడ్డావా, మహాతల్లీ!" అని పదిరోజులు ఆటపట్టించేవాడు. ఆ మనిషి లేడు. చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు. ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. గుమ్మంలోనే కూలబడి, సందంతా వినబడేలా ఏడ్చాను.

ఒక్క తలుపూ తెరుచుకోలేదు.