పిండిలో రాసిన ప్రధాన సంఖ్య

"రొట్టెలు తట్టేదానికి లెక్కలెందుకమ్మా?" అంటుంది మా అత్త రాజేశ్వరమ్మ. కోపంగా కాదు, ప్రేమగానే అంటుంది. తిడితే ఎదురు చెప్పొచ్చు, ప్రేమకు ఏం చెప్పను?

ఎమ్మిగనూరు కాలేజీ ప్రిన్సిపాల్ నిన్న ఫోన్ చేశారు. లెక్కల లెక్చరర్‌గా చేరతానో లేదో ఈరోజు పది గంటల్లోపు చెప్పాలట. మా ఆయన మనీష్ పొద్దున్నే ఆదోని పత్తి యార్డుకు పోతూ, "ఇంట్లో నీకేం తక్కువైంది జ్యోత్స్నా? పాపకు సెప్పుకో, సాల్లే" అనేసి చెప్పులేసుకున్నాడు. పన్నెండేళ్లుగా ఇదే వరస. ముందు పరిశోధన ఆగింది, తర్వాత ట్యూషన్లు ఆగాయి, ఆఖరికి నా నోటు పుస్తకాలు పాత పేపర్లతో పాటు పోయాయి. ఏం పోతేనేం, నేను నేనే కదా అని సర్దిచెప్పుకున్నాను. అలా నమ్మడానికి నా దగ్గర ఒక సంఖ్య ఉంది.

పళ్ళెంలో పరిచిన జొన్నపిండిలో వేలితో రాశాను: 73939133.

"ఇది ప్రధాన సంఖ్య. ఒకటీ తనూ తప్ప ఇంకేదీ దీన్ని భాగించలేదు. చివరి అంకె చెరుపు" అన్నాను మా పాప నవ్యశ్రీతో. చెరిపింది. "మిగిలిందీ ప్రధాన సంఖ్యే. ఇంకోటి చెరుపు." ఒక్కొక్కటే చెరుపుతూ ఒంటరి ఏడు దాకా వచ్చింది. ప్రతిసారీ అంతే. ఇలాంటి వాటిలో ఇంతకన్నా పెద్దది లేదు.

"ఎవురు పెట్టినారమ్మా ఇట్ల?"

"ఎవరూ పెట్టలేదు తల్లీ. మనుషులు పుట్టకముందే ఇట్లుంది."

చెప్తుంటే ఒళ్లు జలదరించింది. ఎన్నిసార్లు చూసినా అంతే నాకు. ఎవరి అనుమతీ అడక్కుండా, ఎవరూ రాయకపోయినా, అది అలా ఉంది!

మళ్లీ మొత్తం రాశాను. నేను ఆలస్యం చేస్తున్నానని అత్తే ముద్ద అందుకుని, కింద చల్లడానికి పళ్ళెం ఎడమ అంచు నుంచి గుప్పెడు పిండి తీసుకుంది. ఏడు పోయింది. 3939133 మిగిలింది.

అలవాటు కొద్దీ అంకెల్ని ఒకటి విడిచి ఒకటి కలిపి చూశాను. ఒకవైపు పది, రెండోవైపు ఇరవై ఒకటి, తేడా పదకొండు. అంటే పదకొండు దీన్ని భాగిస్తుంది, ఈ సంఖ్య ముక్కలైపోతుంది. ఇన్నేళ్లూ చివరి నుంచి చెరిపి మురిసిపోయానే గానీ, ముందున్నది తీస్తే ఏమవుతుందో ఒక్కనాడూ చూడలేదు. నాలో ముందున్నది ఈ ఇల్లు కాదు, పెళ్లి కాదు. ఆరో తరగతిలో నన్ను పట్టుకున్న లెక్కలు. ఈరోజు కాదంటే పోయేవి అవే. భయం వేసింది. ఆ సంఖ్యకు దండం పెట్టాలనిపించింది.

పిండి చేతులతోనే ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేశాను. "సోమవారం నుంచి వస్తాను సార్."

పెనం మీద రొట్టె మాడుతున్నా అత్త కదల్లేదు. "మనీష్‌ను అడిగినావా?"

"యార్డు నుంచి వచ్చినాక చెప్తానత్తా."