కరెంటు చెప్పులు

రేడియేషన్‌ను ఆళ్లగడ్డ పల్లెల్లో కరెంటు పెట్టడమంటారు. అందుకే ఓబుళరెడ్డి నంద్యాల ఆస్పత్రిలో రబ్బరు చెప్పులతోనే బల్లెక్కాడు. ఆయన తమ్ముడు మోటరు స్టార్టరు షాకు కొట్టి పోయాడు. అప్పట్నుంచి చెప్పుల్లేకుండా ఆయన కరెంటు జోలికి వెళ్లడు. టెక్నీషియన్ నవ్వి విప్పించాడు. భార్య మహానందమ్మ ఆ చెప్పుల్ని చంకలో పెట్టుకుని బయట నిలబడింది.

ఓబుళరెడ్డి పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకింది. డాక్టరమ్మ పొద్దున్నే విడమరిచి చెప్పింది. "ఒక్క గడ్డకే కిరణాలు పెడతాం. అది చితికితే, మిగతా గడ్డలు కూడా పగవాళ్లేనని ఒంటికి తెలిసిరావాలి. వాటిమీద ఒంటిని ఉసిగొల్పడానికే నిన్నటి ఇమ్యూనోథెరపీ సూది. అందరికీ పనిచేస్తుందని చెప్పలేను."

కాసేపటికి ఓబుళరెడ్డి బయటికొచ్చాడు. "ఏం తెలీలేదే. కరెంటు వచ్చిందో, రాలేదో!"

మహానందమ్మ చెప్పులు ఆయన కాళ్ల ముందు పెట్టింది. "అందరికీ పనిచేయదంటాండారు గదా. రేపు మళ్లా రావాల్నా?"

ఆయన చెప్పుల్లో కాళ్లు దూర్చాడు.

"మన చేనికి కరెంటు ఎప్పుడన్నా చెప్పి వచ్చిందా? వస్తాదని మోటరు కాడ కాసుకోని కూచుండ్లేదా?"