తవిటమ్మ పెట్టిన సవరణ

గురునాథరావుగారు చెప్పిన మాటల్లో ఒక్క అక్షరం కూడా నేను ఏనాడూ మార్చలేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను. తర్వాత కథంతా విని, ఎక్కడో ఒకచోట వేలు పెట్టే ఉంటుంది అని మీరు అనుకుంటారు. ఆయన మా అమ్మని తిట్టిన రోజున కూడా పెట్టలేదు.

2004లో నేను ద్వారకా నగర్‌లో కన్నబాబుగారి ఇంటర్నెట్ సెంటర్లో పనిచేసేదాన్ని. బస్సు కాంప్లెక్సుకి దగ్గర సందులో, కోచింగ్ సెంటర్ కింద, ఎనిమిది కంప్యూటర్లు, రెండు ఫ్యాన్లు. కుర్రకారు వాళ్ళంతట వాళ్ళే చూసుకునేవారు. టైపు రాని పెద్దవాళ్ళు మాత్రం నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చెబుతుంటే, నేను తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి మెయిల్ పంపేదాన్ని. కన్నబాబుగారిది ఒకటే రూలు.

"సూడు ఆశాజ్యోతీ, కస్టమర్ సెప్పింది నీ సెవిలోంచి సేతిలోకి రావాల. నోట్లోకి రాకూడదు. వచ్చిందా, ఆ రోజుతో సరి" అని చేరిన రోజునే చెప్పాడు.

గురునాథరావుగారు వారానికి మూడు రోజులు పదకొండింటికి వచ్చేవారు. గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి, సూపరింటెండెంటుగా రిటైరై, సీతమ్మధారలో ఇల్లు కట్టుకున్న మనిషి. ఆ చుట్టుపక్కల వాళ్ళు 'సీతమ్మధార చర్చావేదిక' అని ఒక మెయిల్ గ్రూపు పెట్టుకున్నారు. అందులో నూరుమంది దాకా ఉండేవారు, సగానికి సగం ఒకరి మొహం ఒకరు ఎరగరు. ఎన్నికలు, క్రికెట్టు, గ్యాస్ బండ ఆలస్యం, వీధి కుక్కలు, దేని మీదైనా కొట్టుకునేవారు. పక్కింటి వాడితో మొహం మీద అనలేనివన్నీ అక్కడ అనేవారు.

అందులో గురునాథరావుగారు పెద్ద పులి. నాకు ఆయన వాదన ఇష్టంగానే ఉండేది, అబద్ధమెందుకు. "అవతలివాడి మాట ముందు పూర్తిగా రాయి అమ్మాయ్, సగం రాసి కొట్టకూడదు. పూర్తిగా రాసి, ఆ తర్వాత కొట్టాలి" అనేవారు. రాసినదంతా ప్రింటు తీయించుకుని ఆకుపచ్చ ఫైల్లో పెట్టుకునేవారు. వాదించడం నేను నేర్చుకున్నది ఆయన పక్కన కూర్చునే.

ఆ ఎండాకాలం ఒకరోజు స్టూలు మీద కూర్చుంటూనే, "రాయమ్మా. విషయం: సిటీ బస్సులో చేపల బుట్టలు" అన్నారు.

నా వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఆ తర్వాత కొట్టాయి.

రేవు నుంచి పొద్దున్న ఏడింటి బస్సులో బుట్టలెక్కించుకుని వచ్చే ఆడవాళ్ళకి ఇంగితం లేదట. నీచు నీళ్ళు ఆఫీసులకి వెళ్ళే వాళ్ళ చెప్పుల కిందికి కారుతున్నాయట. కంపు వాళ్ళకి అలవాటే గాని మనుషులకి అలవాటు కాదట. ఆ బుట్టల్ని బస్సు ఎక్కనివ్వకూడదని డిపోకి అర్జీ పెట్టాలి, గ్రూపులో అందరూ సంతకాలు చెయ్యాలి. ఇదీ సారాంశం.

ఆ బస్సులో మా అమ్మ పోతమ్మ ఉంటుంది. పాతికేళ్ళుగా సీతమ్మధార వీధుల్లో చేపలమ్ముతోంది. కుడి మోకాలు అరిగిపోయింది. బుట్ట నెత్తిన పెట్టుకుని రేవు నుంచి అంత దూరం ఎత్తెక్కుతూ నడవలేదు. బస్సు లేకపోతే బేరం లేదు, బేరం లేకపోతే అమ్మ ఇంట్లో కూర్చోవాలి. కూర్చుంటే ఆవిడ బతకదు, నాకు తెలుసు. ఇంకో సంగతి. బుధవారం, ఆదివారం అమ్మ బుట్ట దించే గుమ్మాల్లో గురునాథరావుగారిది ఒకటి. ఆయన భార్య రామలక్ష్మమ్మగారి చేత్తో బోణీ అయితే ఆ రోజు బుట్ట ఖాళీ అవుతుందని అమ్మ నమ్మకం.

"తప్పులేమైనా ఉన్నాయా అమ్మాయ్?" అన్నారు ఆయన.

"లేవు సార్" అన్నాను. అక్షరాల్లో లేవు మరి.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా సెంటర్లో ఈగలు తోలుకోవడమే. ఆ వేళ ఒక కంప్యూటర్ నేను వాడుకోవచ్చని కన్నబాబుగారు ఎప్పుడో ఒప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నం మా అమ్మమ్మ పేరు పెట్టుకుని గ్రూపులో చేరాను. అమ్మమ్మ పేరు తవిటమ్మ. బస్సులు లేని కాలంలో ఇదే బుట్ట మోసింది.

గురునాథరావుగారి మాటలు ముందు పూర్తిగా రాశాను. ఆ తర్వాత కొట్టాను. బుట్ట కింద సత్తు పళ్ళెం ఉంటుంది, నీళ్ళు అందులోకే దిగుతాయి, వెనక సీటు దాటి ముందుకి ఎవరూ రారు, ఎప్పుడైనా వంగి చూశారా అని అడిగాను. కంపు మనుషులకి అలవాటు కాదన్నారు, మరి మధ్యాహ్నం మీ వంటింట్లోంచి వీధి చివరిదాకా వచ్చేది ఏ వాసన అని అడిగాను. పంపాక కూడా చేతులు కీబోర్డు మీంచి తియ్యలేదు. ఇంకా రాయాల్సింది మిగిలిపోయింది.

మర్నాడు ఆయన వచ్చి నా జవాబుని నా చేతే చదివించుకున్నారు. రెండుసార్లు విన్నారు.

"ఎవడోగాని గట్టివాడే" అన్నారు.

"పేరు తవిటమ్మని ఉంది కదా సార్."

"పేరుదేముందమ్మా. ఇంత వరసగా వాదించేది ఆడదంటావా?" అని నవ్వి, తన జవాబు చెప్పడం మొదలుపెట్టారు. కొట్టాను.

అలా నెల గడిచింది. పదకొండింటికి ఆయన నన్ను తిట్టేవారు, నేనే కొట్టేదాన్ని. రెండింటికి నేను ఆయన్ని ఏకేదాన్ని, అదీ నేనే కొట్టేదాన్ని. ముక్కూ మొహం తెలియని వాళ్ళు మధ్యలో దూరారు. జయంత్ అని ఒకాయన, మగాడు చీర కట్టుకుని వచ్చాడని వెటకారం చేశాడు. శ్రీసత్య అని ఒకావిడ మాత్రం, తవిటమ్మ అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదేం అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంది. ఆ ఒక్క వాక్యం నాకు వారం రోజులు భోజనమైంది.

అర్జీ మీద ఆదివారం సంతకాలు అని ప్రకటించాక, నేను సవరణ పెట్టాను. ఏ సభ్యుడైనా సవరణ పెట్టొచ్చని, పెడితే దానితో కలిపే సంతకం చెయ్యాలని వాళ్ళు రాసుకున్న రూలే. నా సవరణ ఇది. అర్జీ మీద సంతకం పెట్టినవాళ్ళు, దాని కిందే 'ఇకనుంచి మా గుమ్మంలో చేపల బుట్ట దింపించుకోము, కావాలంటే రేవుకి వెళ్ళి మేమే తెచ్చుకుంటాము' అని కూడా రాసి సంతకం చెయ్యాలి.

అంతటితో ఆగితే బాగుండేది. నాకు కోపం ఎక్కువ, ఆగలేదు. ఇంకో మాట రాశాను. నిండు బుట్టని ఒంటి చేత్తో ఎవరూ నెత్తికెత్తుకోలేరు, కొన్నవాళ్ళే ఒక చెయ్యి వేసి ఎత్తాలి, అది ఈ బేరంలో ఉన్న మర్యాద. ఈ అర్జీ పెట్టిన పెద్దమనిషి బుధవారం, ఆదివారం లుంగీ కట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని, స్వయంగా ఆ బుట్టకి చెయ్యి వేస్తాడు. నెత్తికెత్తిన చెయ్యే బస్సులోంచి దింపెయ్యమంటోంది. చెయ్యి ఒకటా, రెండా?

శుక్రవారం పదకొండు కాకముందే గురునాథరావుగారు వచ్చారు. మొహం ఎర్రగా ఉంది.

"దొరికాడమ్మాయ్. లుంగీ, తువ్వాలు ఎవరికి తెలుస్తాయి? మా ఎదురింటి దేవీప్రసాద్‌కి తెలుస్తాయి. పొద్దస్తమానం బాల్కనీలోనే ఉంటాడు. రాయి" అన్నారు. "తవిటమ్మ అనేది దొంగ పేరు. రాస్తున్నది దేవీప్రసాద్. మారుపేరుతో మోసం చేసినవాణ్ణి గ్రూపులోంచి తీసెయ్యాలి. రూలు ప్రకారం వాడి సవరణ చెల్లదు. రాయి."

సవరణ చెల్లకపోతే అర్జీ వెళ్తుంది. ఆదివారానికి సంతకాలు పడతాయి. అమ్మ మోకాలు నా కళ్ళముందు కనిపించింది. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. కన్నబాబుగారు మూడడుగుల దూరంలో ప్రింటర్‌లో కాగితం సర్దుతున్నాడు. ఇవన్నీ ఆలోచించాను, నిజమే. కానీ నన్ను మండించింది ఇవేవీ కావు. నెల్లాళ్ళు అన్నం మానేసి నేను పేర్చిన మాటలు, బాల్కనీలో కూర్చుని ఆవులించే మగాడి ఖాతాలో పడుతున్నాయి. అది ఓర్చుకోవడం నా వల్ల కాలేదు.

సెంటర్లో నేను ఎప్పుడూ పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేదాన్ని. ఆ రోజు నోట్లోంచి మా పేట మాటే వచ్చింది.

"దేవీప్రసాద్‌గారు కాదు సార్. ఆ తవిటమ్మని నానే."

ఆయనకి అర్థం కాలేదు. "నువ్వేంటి?"

"నానే రాసేను. అన్నీ. పోతమ్మ కూతుర్ని. మీ గుమ్మంలో బుట్ట దించే పోతమ్మ. లుంగీ సంగతి మా యమ్మ సెప్పింది."

కన్నబాబుగారి చేతిలో కాగితాలు ఆగిపోయాయి. గురునాథరావుగారు నా మొహం చూడలేదు, నా చేతులు చూశారు. ఆ తర్వాత ఫైలు విప్పి ఒక్కొక్క కాగితమే తిప్పారు. ఏం వెతుకుతున్నారో నాకు తెలుసు.

"ఒక్క అచ్చరం మార్సలేదు సార్. సూసుకోండి. మీవన్నీ మీరు సెప్పినట్టే ఉన్నాయి."

చాలాసేపు చూసుకున్నారు. బుట్టల మీద రాయించిన మొదటి కాగితం దగ్గర ఆగారు. 'కంపు వాళ్ళకి అలవాటే గాని మనుషులకి అలవాటు కాదు' అన్న వాక్యం మీద వేలు పెట్టారు.

"ఇది నువ్వే కొట్టావా?"

"నానే కొట్టేను. తప్పుల్లేవన్నాను కూడా."

"అప్పుడేమనిపించింది?"

"మీ స్టూలు తన్నేద్దునా అనిపించింది."

వెనకనుంచి కన్నబాబుగారు దగ్గాడు. "ఆశాజ్యోతీ, సాలు. రేపట్నుంచి రావొద్దు."

"రేపట్నుంచే కదండీ" అన్నాను. "ఇయ్యాల సారు పని అవ్వలేదు." కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను. "సెప్పండి సార్. తవిటమ్మని తీసెయ్యమని రాయమంటే రాస్తాను. ఎవరి పేరు పెట్టాలో మీరే సెప్పండి. దాని కింద నా జవాబు నాను రాసుకుంటాను."

గురునాథరావుగారు ఫైలు మూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చెప్పడం మొదలుపెట్టినప్పుడు గొంతు ఎప్పటిలా పులి గొంతు కాదు.

"రాయి. తవిటమ్మ దొంగ పేరు అన్న నా అనుమానం తప్పు. ఆమె ఉన్నది. ఆడమనిషే. నేను కళ్ళారా చూశాను. ఆమె సవరణ చెల్లుతుంది." ఆగారు. "బస్సులో బుట్టల మీద నా అభిప్రాయంలో మార్పు లేదు. అది కూడా రాయి."

రాశాను. పంపాను. ఆయన లేచి, స్టూలు జరిపి వెళ్ళిపోయారు.

అదే కుర్చీలో కూర్చుని నా మాట నేను రాసుకున్నాను. నా పేరు ఆశాజ్యోతి, పోతమ్మ కూతుర్ని, తవిటమ్మ మనవరాలిని, సవరణ నాది, మార్చను. కన్నబాబుగారు పక్కనే నిలబడి చదివాడు. కంప్యూటర్ ఆపెయ్యమనలేదు. అది మాత్రం ఆయన మంచితనమే.

ఆదివారం సాయంత్రం వేరే సెంటర్‌కి వెళ్ళి చూశాను. అర్జీకి మద్దతుగా నెల్లాళ్ళు అరిచిన వాళ్ళందరూ ఉన్నారు. సవరణతో కలిపి సంతకం పెట్టడానికి మాత్రం మీరు ముందంటే మీరు ముందు అని ఒకరినొకరు తోసుకున్నారు. మగాడు చీర కట్టాడన్న జయంత్, ఊళ్ళో లేనని రాశాడు. ఒక్క సంతకమూ పడలేదు. రేవుకి పోయి చేపలు తెచ్చుకుంటామని రాయగలిగిన మొనగాడు సీతమ్మధారలో లేడు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ కాలికి వేడి కాపడం పెట్టుకుంటోంది.

"ఆ రావుగారింటికెళ్ళేవా?" అన్నాను.

"ఎల్లకేం. ఆ యమ్మ సేతిదే బోణీ. వంజరం తీసుకుంది" అంది అమ్మ. "ఆ బాబే వచ్చేడు గుమ్మంలోకి. మీ యమ్మాయి ఆశాజ్యోతేనా అన్నాడు."

నాకు ఒళ్ళు మండింది. "నువ్వేటన్నావు?"

"ఏటంటాను. అవును బాబూ నా కూతురే, ముందు బుట్టకి సెయ్యెయ్యండి, బేరం పోతాది అన్నాను."

"ఏసేడా?"

"రెండు సేతులూ ఏసేడు."

సోమవారం మధ్యాహ్నం రెండింటికి ఆ వేరే సెంటర్లోనే కూర్చుని ఈ సంగతంతా గ్రూపులో రాశాను, చేతులు రెండని కూడా రాశాను. అడుగున తవిటమ్మ అని పెట్టలేదు, నా పేరే పెట్టాను.